అమ్మానాన్నలను జర్మనీకి పిలిపించుకోవడం ఎలా: వీసా ఫైలు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ కౌంటర్ దాకా

మా నాన్నకు మొదటిసారి జర్మనీ వీసా రాలేదు. తప్పు కాన్సులేట్‌ది కాదు, మాదే. పని తేలికవుతుందని ఊళ్లో ఒక ఏజెంటుకు అప్పజెప్పాం. ఆయన అలవాటు కొద్దీ ఫైల్లో పారిస్, రోమ్ హోటల్ బుకింగులు, పది రోజుల టూరు ప్లాను పెట్టేశాడు. నేను పంపిన ఆహ్వాన లేఖలోనేమో "స్టుట్‌గార్ట్‌లో మా ఇంట్లో రెండు నెలలు ఉంటారు" అని ఉంది. హైదరాబాద్ కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి "ఎక్కడ ఉంటారండీ?" అని అడిగితే నాన్న "మా అమ్మాయి ఇంట్లో" అన్నారు. ఫారంలో హోటల్ పేరుంది. మూడు వారాలకు పాస్‌పోర్టు తిరిగొచ్చింది. లోపల ఒక కాగితం, అందులో "ప్రయాణ ఉద్దేశానికి ఇచ్చిన ఆధారాలు నమ్మదగినవిగా లేవు" అన్న గడిలో టిక్కు.

రెండోసారి ఏజెంటు లేకుండా మేమే చేసుకున్నాం, వచ్చింది. అప్పటి నుంచి తెలిసినవాళ్ల ఫైళ్లు కూడా ఒకటి రెండు చూశాను. అన్నింట్లో నాకు అర్థమైంది ఒకటే. వీసా ఆఫీసరుకు కావలసింది మూడు జవాబులు: వీళ్లు ఎక్కడ ఉంటారు, డబ్బు ఎవరు పెడతారు, ఎందుకు తిరిగి వెళ్తారు. ఫైల్లో ఉన్న ప్రతి కాగితం ఈ మూడింటికీ ఒకే జవాబు చెప్పాలి. ఆ జవాబు అమ్మానాన్నలకు కూడా తెలియాలి. ఎందుకంటే ఫైలు తయారు చేసేది మీరు, కౌంటర్ ముందు నిలబడేది వాళ్లు.

ఇది భారత పాస్‌పోర్టుతో, 90 రోజుల లోపు, పిల్లల్ని చూసి వెళ్లడానికి వచ్చే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. చదువుకో ఉద్యోగానికో వచ్చేవాళ్ల దారి వేరు.

ముందు తేదీలు

జర్మనీకి ఇచ్చేది షెంజెన్ వీసా. 2025 జనవరి నుంచి బల్గేరియా, రొమేనియా పూర్తిగా చేరడంతో షెంజెన్ దేశాలు 29 అయ్యాయి. ఒక్క వీసాతో వీటన్నింట్లో తిరగవచ్చు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో ఉంది. ఐర్లాండ్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్‌లో లేదు. లండన్ దీని కిందికి రాదు, దానికి బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి.

నిబంధన ఏమిటంటే, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. చాలామంది దీన్ని "మూడు నెలలు" అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. ఏప్రిల్ 1న దిగినవాళ్ల తొంభయ్యో రోజు జూన్ 29, జూలై 1 కాదు. రెండు రోజుల తేడాయే కదా అనుకోవద్దు, చట్టం దృష్టిలో అది గడువు దాటి ఉండటమే. మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్నా సరే, అలా మొత్తం 90 రోజులూ వాడేసుకుంటే మళ్లీ అడుగుపెట్టగలిగేది సెప్టెంబర్ 28నే.

మనవళ్లు పుట్టే ఇళ్లలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. మన వాళ్లలో చాలామంది చేసేది అమ్మ మూడు నెలలు, ఆమె వెళ్లే ముందురోజు అత్తగారు దిగడం. మంచి ఏర్పాటే. కాకపోతే డాక్టరు చెప్పిన తేదీకి నెల ముందే అమ్మను పిలిస్తే, తీరా పిల్ల పుట్టాక ఆమెకు మిగిలేది రెండు నెలలే. వచ్చాక పొడిగించుకుందాంలే అనుకోవద్దు. ప్రయాణం చేయలేనంత జబ్బు పడటంలాంటి కారణాలకు తప్ప పొడిగింపు ఇవ్వరు. మనవరాలు ముద్దొస్తోందన్నది కారణం కిందికి రాదు.

తేదీలు తేలాక పాస్‌పోర్టులు తెరవండి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. గత 10 ఏళ్లలో జారీ అయి ఉండాలన్న నిబంధన కూడా ఉంది కానీ, మన పెద్దల పాస్‌పోర్టు గడువే పదేళ్లు కాబట్టి దాని గురించి బెంగ లేదు.

ఏ దేశానికి అప్లై చేయాలి

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి. మీ ఇంట్లో యాభై రోజులుండి మధ్యలో ఐదు రోజులు పారిస్ చూసొస్తే అది జర్మనీ వీసానే. రెండు దేశాల్లో సమానంగా ఉంటేనే మొదట దిగే దేశం లెక్కలోకి వస్తుంది. "ఫలానా దేశం వీసా ఈజీగా ఇస్తుందట, దానికి పెట్టి జర్మనీలో ఉండిపోదాం" అనే సలహా ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో తప్పక కనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు.

మీ వైపు పని: హామీ పత్రం

డబ్బు ఎవరు పెడతారు అన్న ప్రశ్నకు రెండు రకాల జవాబులున్నాయి. అమ్మానాన్నల పెన్షను, సేవింగ్స్ చూపించి వాళ్ల ఖర్చు వాళ్లే పెట్టుకుంటారని చెప్పవచ్చు. లేదా మీరే పెడతానని జర్మన్ ప్రభుత్వానికి రాసి ఇవ్వవచ్చు. ఆ రాసిచ్చే కాగితం పేరు ఫెర్‌ఫ్లిఖ్‌టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. ఏళ్ల తరబడి ఇక్కడున్నా నాకు ఆ మాట ఒక్క గుక్కలో రాదు. మా ఇంట్లో దాన్ని హామీ పత్రం అనే అంటాం.

ఇది మామూలు ఆహ్వాన లేఖ కాదు. మీ ఊళ్లోని విదేశీయుల కార్యాలయానికి, అంటే ఆస్‌లెండర్‌బెహోర్డెకు వెళ్లి, అధికారి ముందు సంతకం పెట్టి తీసుకోవాలి. ఫీజు 29 యూరోలు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్, గత మూడు నెలల పే స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందం, ఇంటి అద్దె ఒప్పందం అడుగుతారు. ఊరిని బట్టి ఇంకొకటి రెండు కలుస్తాయి, కాబట్టి మీ కార్యాలయం వెబ్‌సైట్‌లో జాబితా చూసుకుని వెళ్లండి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు అక్షరం తప్పు పోకుండా ఉండాలి. ఇద్దరికీ ఒకే పత్రం ఇస్తారా, వేర్వేరుగా తీసుకోవాలా అన్నది అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే అడగండి.

సంతకం పెట్టే ముందు అందులో ఏముందో తెలుసుకోండి. వాళ్ల తిండి, వసతి, జబ్బు చేస్తే ఆసుపత్రి, చివరికి ప్రభుత్వమే వెనక్కి పంపాల్సి వస్తే ఆ ఖర్చు కూడా మీదే. చట్టంలో ఈ బాధ్యత 5 ఏళ్ల వరకు ఉంటుంది. గడువులోపల తిరిగి వెళ్లిపోయిన తల్లిదండ్రుల విషయంలో అది అక్కడితో తీరిపోతుంది కానీ, దూరపు బంధువు ఎవరైనా "నాకూ ఒక కాగితం రాసి పంపవా" అని అడిగినప్పుడు ఇది గుర్తుంచుకోండి. మొహమాటానికి పెట్టే సంతకం కాదిది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ పత్రం జారీ అయిన తేదీ నుంచి 6 నెలల లోపు వీసా కోసం వాడాలి. మరీ ముందు తీసుకుంటే గడువు దాటిపోవచ్చు. ఆలస్యం చేస్తే, పెద్ద నగరాల్లో ఆ కార్యాలయం అపాయింట్‌మెంటుకే వారాలు పడుతుంది. ప్రయాణానికి నాలుగైదు నెలల ముందు అపాయింట్‌మెంట్ వేటలో పడితే సరిగ్గా సరిపోతుంది. పైగా ఒరిజినల్ కావాలి. స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపితే చెల్లదు. కొరియర్ రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

దీంతో పాటు మీరు పంపాల్సినవి: సంతకం చేసిన ఆహ్వాన లేఖ, మీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కాపీలు, మీ చిరునామా నమోదు పత్రం. ఆహ్వాన లేఖ ఒక్క పేజీ చాలు. ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎవరిది. "మా అమ్మ చేతి వంట తినాలని ఉంది" లాంటి వాక్యాలు అక్కర్లేదు. నేను మొదటి లేఖలో రాశాను, ఒప్పుకుంటున్నాను.

ఊళ్లో కాగితాలు: పేర్ల తంటా

మన తెలుగువాళ్ల ఫైళ్లలో ఎక్కువ తలనొప్పి డబ్బు దగ్గర రాదు, పేర్ల దగ్గర వస్తుంది. అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. మీ పాస్‌పోర్టు చివరి పేజీలో అమ్మ పేరు "లక్ష్మి", ఆమె పాస్‌పోర్టులో "వెంకట మహాలక్ష్మి". నాన్న పెన్షను కాగితాల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో అదే పూర్తిగా చివర ఉంటుంది. మనకు ఇందులో వింతేమీ కనిపించదు. ఫైలు చూసే జర్మన్‌కు మాత్రం వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు.

చేయాల్సింది ఇది. ఫారం, హామీ పత్రం, ఇన్సూరెన్స్, విమానం రిజర్వేషన్ అన్నింట్లో పాస్‌పోర్టులో ఉన్న పేరే, అదే వరుసలో, అదే స్పెల్లింగుతో రాయండి. పాత కాగితాల్లో తేడా ఉంటే "ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అని నోటరీ అఫిడవిట్ చేయించి జత చేయండి. మీకూ వాళ్లకూ ఉన్న సంబంధానికి మీ జనన ధ్రువపత్రం మంచి ఆధారం. అది తెలుగులో ఉంటే ఇంగ్లిషు అనువాదం కూడా పెట్టాలి.

తిరిగి వస్తారనడానికి ఆధారం

వీసా తిరస్కరణ పత్రాల్లో తరచుగా కనిపించే కారణం ఒకటుంది: "గడువులోగా తిరిగి వెళ్తారన్న ఉద్దేశంపై సందేహాలున్నాయి." అరవై ఐదేళ్ల నాన్నను పట్టుకుని ఈ మాటంటే కోపం వస్తుంది. ఊళ్లో పెరట్లో కొబ్బరి చెట్లు, సాయంత్రం అరుగు మీద పేకాట వదిలి ఆయన స్టుట్‌గార్ట్‌లో ఏం చేస్తారని మనకు తెలుసు. ఆఫీసరుకు తెలియదు. ఆయనకు తెలిసేలా కాగితం మీద పెట్టాలి.

పెన్షనర్ అయితే పెన్షన్ ఆర్డరు, పెన్షను జమ అవుతున్న బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్. వ్యవసాయమైతే పట్టాదారు పాసుపుస్తకం, పంట అమ్మిన రసీదులు. వ్యాపారమైతే జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు. ఇంకా ఉద్యోగంలో ఉంటే సెలవు మంజూరు లేఖ. సొంతింటి పన్ను రసీదు. ఊళ్లో ఉన్న మరో బిడ్డ, చూసుకోవాల్సిన నానమ్మ, ఇలాంటివి కవరింగ్ లెటర్లో రెండు వాక్యాల్లో రాయండి. తెలుగులో ఉన్న పాసుపుస్తకానికి అనువాదం తప్పనిసరిగా పెట్టండి, లేకపోతే అది ఆఫీసరు చేతిలో బొమ్మల పుస్తకమే.

బ్యాంకు స్టేట్‌మెంట్ గత మూడు నెలలది, బ్యాంకు ముద్రతో ఇవ్వాలి. ఇందులో మనవాళ్లు చేసే పని ఒకటుంది. వీసా అనగానే బావమరిది దగ్గర ఐదు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తారు. నెలకు నలభై వేలు వచ్చి, ముప్పై ఐదు వేలు పోయే ఖాతాలో అప్లికేషనుకు వారం ముందు ఊడిపడ్డ ఐదు లక్షలు ఎవరికైనా కనపడతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్లుంటే వాటి సర్టిఫికెట్ పెట్టండి, లేకపోతే ఉన్న డబ్బే చూపించి ఖర్చు బాధ్యత మీ హామీ పత్రానికి వదిలేయండి. నిజంగానే పొలం అమ్మిన డబ్బు వచ్చిందంటే ఆ అమ్మకం కాగితం కాపీ జత చేయండి.

ఇన్సూరెన్స్, టికెట్టు

ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోల కవరేజీతో, షెంజెన్ దేశాలన్నింటికీ వర్తించేలా, ఉండే రోజులన్నింటికీ ఉండాలి. అత్యవసర చికిత్స, ఆసుపత్రి, స్వదేశానికి తరలింపు అందులో ఉండాలి. వీసాకైతే ఇంతే. మీ మనశ్శాంతికి మాత్రం ఇది చాలదు. చవక పాలసీల్లో చాలా వాటికి ముందే ఉన్న జబ్బులు వర్తించవు. నాన్నకు బీపీ, షుగర్ ఉంటే ఆ ఒక్క పేరా చదివాకే కొనండి, నాలుగు వందలు ఎక్కువైనా ఫర్వాలేదు. ఇక్కడ ఆసుపత్రిలో ఒక్క రాత్రి బిల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్లెవరూ బీమా దగ్గర బేరమాడరు.

టికెట్టు ముందే కొనేయకండి. అప్లికేషనుకు రానుపోను రిజర్వేషన్ చాలు. వీసా రాకపోతే డబ్బు తిరిగి రాని టికెట్టు రెండో దెబ్బ.

ఫారం, అపాయింట్‌మెంట్, ఫీజు

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. ఫైలు పరిశీలనకు మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు. వేసవిలో రావాలనుకుంటే అపాయింట్‌మెంట్లే దొరకవు, కాబట్టి మూడు నెలల ముందు స్లాటు పట్టండి.

జర్మనీ తరఫున మన దగ్గర అప్లికేషన్లు తీసుకునేది వీఎఫ్‌ఎస్ గ్లోబల్, హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. వాళ్లు కాగితాలు, వేలిముద్రలు తీసుకుని పంపుతారంతే. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం వాళ్లది కాదు, కాన్సులేట్‌ది. "లోపల మనవాళ్లున్నారు" అని డబ్బు అడిగేవాడిని దగ్గరికి రానివ్వకండి.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 2024 జూన్ 11 నుంచి ఇదే. 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు ఉచితం. రూపాయల్లో కట్టాలి, దీనిపై వీఎఫ్‌ఎస్ సర్వీసు చార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు.

ఫారం ఆన్‌లైన్‌లో మీరే నింపవచ్చు. నింపాక ప్రింటు తీసి సంతకం పెట్టేది మాత్రం వాళ్లే. సంతకానికి ముందు వీడియో కాల్‌లో ప్రతి గడీ చదివి వినిపించండి. మా ఇంట్లో రెండోసారి దీనికి గంటన్నర పట్టింది. అందులో పావుగంట "అంతకుముందు షెంజెన్ వీసా ఉందా" అన్న ప్రశ్నకు అమ్మ తన దుబాయ్ ప్రయాణం చెప్పడంలోనే పోయింది. ముందు ఒకసారి వీసా నిరాకరించి ఉంటే దాచవద్దు. కవరింగ్ లెటర్లో ఎందుకు నిరాకరించారో, ఈసారి ఏం మార్చారో రెండు ముక్కల్లో రాయండి.

కౌంటర్ రోజు

ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చి నేరుగా కౌంటర్‌కు వెళ్లే ప్రోగ్రాం పెట్టకండి. ముందురోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో పడుకోమనండి.

ఫొటోలు 35 బై 45 మిల్లీమీటర్లు, ఆరు నెలల లోపు తీసినవి, లేత రంగు బ్యాక్‌గ్రౌండ్. వేలిముద్రలు పదీ తీసుకుంటారు, అవి 59 నెలలు వ్యవస్థలో ఉంటాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. అపాయింట్‌మెంట్ ఆషాఢంలో పడితే అమ్మను గోరింటాకు ఆ తర్వాత పెట్టుకోమనండి, వేళ్ల చివర రంగు ఉంటే స్కానర్ తిప్పలు పెడుతుంది.

అడిగే ప్రశ్నలు కష్టమైనవి కావు. ఎవరి దగ్గరికి, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎవరిది, ఇంతకుముందు వెళ్లారా. తెలియనిది తెలియదని చెప్పమనండి. మన పెద్దవాళ్లకు మర్యాద కోసం ప్రతిదానికీ "ఆఁ" అనే అలవాటుంది. "స్విట్జర్లాండ్ కూడా వెళ్తారా?" అంటే "ఆఁ, మా అమ్మాయి తీసుకెళ్తుందేమో" అంటారు. ఫైల్లో లేని దేశానికి తలూపవద్దని ముందే చెప్పండి.

స్టిక్కరు చదవడం

వీసా రాగానే అందరూ ముందు ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఆగండి, ముందు చదవండి. అందులో మూడు అంకెలు చూడాలి: చెల్లుబాటు తేదీలు, ఉండదగిన రోజులు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు.

మీరు మే 10 నుంచి జూలై 8 వరకు 60 రోజులు అడిగారనుకుందాం. స్టిక్కరు మీద మే 10 నుంచి జూలై 23 వరకు అని ఉండవచ్చు. అది చూసి "పదిహేను రోజులు ఎక్స్‌ట్రా ఇచ్చారు" అని సంబరపడి టికెట్టు జూలై 22కు మార్చినవాళ్లున్నారు. ఆ 15 రోజులు ప్రయాణం కాస్త వెనక్కి జరిగితే సర్దుకోవడానికి ఇచ్చినవి. పక్కనే ఉండదగిన రోజులు 60 అని ఉంటుంది, అసలు హద్దు అది. మే 10న దిగితే జూలై 8న బయటపడాలి. ప్రవేశాల గడిలో 01 అని ఉంటే ఒక్కసారే. మధ్యలో లండన్ వెళ్లి వస్తామంటే కుదరదు, షెంజెన్ దాటగానే వీసా అయిపోయినట్టే. పేరులోనో పాస్‌పోర్టు నంబరులోనో తప్పు కనిపిస్తే అదే రోజు ఫిర్యాదు చేయండి.

వీసా రాకపోతే? కాన్సులేట్‌కే అభ్యంతర లేఖ రాసే పాత పద్ధతిని జర్మనీ 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. పాత వీడియోలు ఇంకా ఆ సలహానే చెబుతున్నాయి, నమ్మకండి. ఇప్పుడున్న దారులు రెండు: నెల లోపల బెర్లిన్ పరిపాలనా కోర్టుకు వెళ్లడం, లేదా లోపం సరిదిద్దుకుని మళ్లీ కొత్తగా అప్లై చేయడం. అమ్మానాన్నల ప్రయాణానికి రెండోదే నయం, మేం చేసిందీ అదే.

సూట్‌కేసు

ఇక్కడ నా మాట వినేవాళ్లు తక్కువని తెలుసు, అయినా చెప్తాను. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాలు, వాటితో చేసినవి తేకూడదు. అంటే మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. "ఇంట్లో కాచిన నెయ్యండీ" అన్నా అది పాల పదార్థమే. తాజా పళ్లు, కూరగాయలు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. 2019 డిసెంబర్ నుంచి అది లేకుండా రానిచ్చేవి ఐదే పళ్లు: అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్. కాబట్టి బంగినపల్లి మామిడి పెట్టె, కవరు నిండా కరివేపాకు రెండూ ఇంట్లోనే వదిలేయాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులకు ఈ ఇబ్బంది లేదు. రొయ్యల పచ్చడి కూడా తేవచ్చు, చేపలు రొయ్యలకు వేరే పరిమితి ఉంది, 20 కిలోలు. అంత పచ్చడి ఎవరూ తేరు కదా. నూనె కారకుండా మూడు కవర్లు చుట్టమనండి, మిగతా సూట్‌కేసంతా పట్టుచీరలే.

మందులు స్వంత వాడకానికి మూడు నెలలకు సరిపడా తెచ్చుకోవచ్చు. స్ట్రిప్పుల నుంచి విప్పి డబ్బాలో పోసుకోవద్దు. డాక్టరు చీటీ ఇంగ్లిషులో, మందు అసలు పేరుతో రాయించి చేతి సంచిలో పెట్టండి. నగదు 10,000 యూరోలు, అంతకు మించి ఉంటే కస్టమ్స్‌కు చెప్పాలి. కొడుక్కో కోడలికో ఇవ్వడానికి తెచ్చే కొత్త బంగారం వాడుకునే నగల కిందికి రాదు. విమానంలో వచ్చేవారికి పన్ను లేని పరిమితి 430 యూరోలే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక

వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానిచ్చి తీరాలని లేదు, సరిహద్దు పోలీసులు మళ్లీ అడగవచ్చు. అందుకే చేతి సంచిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఉండాలి: ఆహ్వాన లేఖ, హామీ పత్రం కాపీ, ఇన్సూరెన్స్, తిరుగు టికెట్టు, మీ చిరునామా, ఫోను నంబరు. వీటిని చెక్ ఇన్ సూట్‌కేసులో పెట్టి దిగాక గాభరా పడేవాళ్లు ప్రతి విమానంలో ఒకరుంటారు.

అమ్మ ఇంగ్లిషు రాదని భయపడింది. ఒక అట్ట మీద తెలుగు లిపిలో జర్మన్ వాక్యం రాసిచ్చాను: "ఇఖ్ బెజూఖె మైనె టోఖ్టర్", అంటే మా అమ్మాయిని చూడ్డానికి వచ్చాను అని. దాని కింద ఇంగ్లిషులో రోజులు, చిరునామా. ఆఫీసరు అడక్కముందే ఆమె ఆ వాక్యం చదివేసిందట, అతను నవ్వి లోపలికి పంపాడట. నడవడం కష్టమైతే టికెట్టు బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. తోసే మనిషి పాస్‌పోర్టు కౌంటర్, బ్యాగుల దగ్గర కూడా తోడుంటాడు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది. మొదటిసారి వచ్చే పెద్దవాళ్లకు కాస్త ధర ఎక్కువైనా అదే మేలు.

కొత్తగా వచ్చిన మార్పు ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్. పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం బదులు ముఖం ఫొటో తీసి రాకపోకల తేదీలు కంప్యూటర్లో నమోదు చేస్తారు. 2025 అక్టోబర్ 12న దశలవారీగా మొదలుపెట్టారు, 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లో పూర్తి చేయాలని గడువు. వీసా ఉన్నవాళ్ల వేలిముద్రలు ముందే ఉంటాయి కాబట్టి ఫొటో తీస్తే సరిపోతుంది. అయినా క్యూ ఎక్కువసేపు పట్టవచ్చు, వేరే విమానం మారాలంటే వ్యవధి ఉంచుకోండి. దీనికి ఫీజు ఏమీ లేదు. ఈటియాస్ అనే ఇంకో అనుమతి గురించి వింటారు, అది వీసా అక్కర్లేని దేశాలవాళ్ల కోసం. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న అన్నయ్యకు ఆ అనుమతి అమల్లోకి వచ్చాక కావాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న అన్నయ్యకు మనలాగే షెంజెన్ వీసా కావాలి, అప్లై చేసేది అమెరికా నుంచి. భారత పాస్‌పోర్టుతో వచ్చే అమ్మానాన్నలకు ఈటియాస్ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బడిగితే అది మోసం.

ఇంటికి చేరాక, మూడు నెలల లోపు ఉండే విదేశీ అతిథులకు చిరునామా నమోదు చేయించే పని లేదు.

తిరుగు ప్రయాణం

తిరుగు టికెట్టు చివరి రోజుకు పెట్టకండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానాలు రద్దవడం అరుదేమీ కాదు. రెండు మూడు రోజులు మిగిలేలా ఉంటే టెన్షన్ ఉండదు. ఇప్పుడు రోజులు లెక్కపెట్టేది కంప్యూటరు కాబట్టి, ఒక్క రోజు దాటినా వచ్చేసారి వీసా అడిగినప్పుడు అది కనిపిస్తుంది.

సరిగ్గా వచ్చి వెళ్లినవాళ్లకు ఒక లాభం ఉంది. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం వచ్చిన నిబంధనల ప్రకారం, మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని చక్కగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువు సరిపడా ఉంటే ఐదేళ్లది ఇవ్వవచ్చు. 90 రోజుల లెక్క దానికీ వర్తిస్తుంది. ఆ రెండు వీసాలు వాడినట్టు చూపించడానికి స్టిక్కరున్న పేజీలు, బోర్డింగ్ పాసులు స్కాన్ చేసి ఉంచండి. పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది వచ్చినా పాతది పారేయకుండా, అప్లై చేసేటప్పుడు రెండూ కలిపి తీసుకెళ్లమనండి.